చూస్తే కదలని రాళ్లు

పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని వంటింటి కిటికీ దగ్గర నిలబడటం చిన్నకోడలికి అలవాటైపోయింది. ఎదురుగా మేస్త్రి గోడ కడుతున్నాడు. పైన పెద్దకోడలి తోట, కింద చిన్నకోడలి ఇల్లు. పై మట్టి కిందికి జారకుండా మధ్యలో ఆ గోడ. సిమెంటు లేదు, ఉత్త కొండరాళ్లే. మేస్త్రి రాయిని తిప్పి చూసి, సరిపడే చోట ఆనించి, వీపు తిప్పి నిలబడతాడు. రాయి అటూ ఇటూ ఒరుసుకుని తనే సర్దుకుని కూర్చుంటుంది. ఎవరైనా చూస్తుంటే మాత్రం కదలదు. రాళ్ల సంగతి అందరికీ తెలిసిందేగా.

"అమ్మా, మీరలా చూస్తుంటే ఈ గోడ ఈ జన్మకి అవదు," అన్నాడు మేస్త్రి.

"చూడకపోతే నువ్వేం చేస్తావో నాకేం తెలుసు? ఆ సందులెందుకు వదిలావు?"

"వాన నీళ్లు బయటికి పోవాలి కదమ్మా."

అంటే అక్క తోట నీళ్లు తన గుమ్మంలోకన్నమాట. పెద్దకోడలు మేస్త్రికి పూటపూటా టీ పొయ్యడం, ఇద్దరూ గుసగుసలాడటం ఈవిడ చూస్తూనే ఉంది. కూడబలుక్కున్నారని తేల్చేసుకుంది. మేస్త్రి పని ముగించి వెళ్లాక సందులన్నీ బంకమట్టితో కూరేసి, తన తెలివికి తనే మురిసిపోయింది. మహాతల్లి.

వానలు పట్టాయి. ఒక మధ్యాహ్నం గోడకి పొట్ట వచ్చింది. పెరటి గది తలుపు బయటికి తెరుచుకుంటుంది, గోడ వచ్చి దానికే ఆనింది. లోపల మంచం మీద అత్తగారు, లేవలేని మనిషి. కిటికీకి ఊచలు. ఒక్క రాయి లాగినా గోడంతా గది మీద పడుతుంది. చిన్నకోడలు వీధి చుట్టూ తిరిగి పరిగెత్తి తోడికోడల్ని పిలుచుకొచ్చింది.

"సందులు నేనే మూశానక్కా."

"నా తోట కూలాలనే కదా?"

"నా ఇల్లు మునుగుతుందని."

లోపల్నించి అత్తగారి గొంతు. "తర్వాత కొట్టుకుందురుగాని. ఇద్దరూ అటు తిరగండే. నేను కళ్లు మూసుకున్నాను."

ఇద్దరూ గోడకి వీపులు పెట్టి, చేతులు పట్టుకుని వానలో నిలబడ్డారు. వెనక రాళ్లు ఒరుసుకుంటున్నాయి. మీద పడతాయేమోనని చిన్నకోడలు ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుంది. కాసేపటికి పాదాల మీదుగా బురద నీళ్లు పారాయి.

తిరిగి చూస్తే గోడ వెనక్కి జరిగి తిన్నగా నిలబడింది. సందులు తెరుచుకున్నాయి. అత్తగారి తలుపు తెరుచుకుంది. రెండు రాళ్లు మాత్రం సగం బయటికి పొడుచుకుని ఆగిపోయాయి, మోకాలెత్తున ఒకటి, దానికి కాస్త పైన ఇంకొకటి.

"చూశావు కదూ?" అంది పెద్దకోడలు.

"ఒక్కసారే. నువ్వు పారిపోతావేమోనని."

"నీ చెయ్యి పట్టుకునే ఉన్నాను కదే."

"అయినా సరే. మరి రెండో రాయో?"

పెద్దకోడలు కొంగు పిండుకుంది. "నువ్వు చూస్తున్నావేమోనని నేనూ చూశాలే."

మేస్త్రి వచ్చి ఎంతసేపు వీపు తిప్పి నిలబడినా ఆ రెండూ లోపలికి పోలేదు. వీధి చుట్టూ తిరిగే పని లేకుండా, పెద్దకోడలు ఇప్పుడు రోజూ వాటి మీద కాలేసే దిగి అత్తగారికి స్నానం చేయించడానికి వస్తుంది. చిన్నకోడలు టీ గ్లాసుతో కిటికీలోంచి చూస్తూనే ఉంటుంది, అక్క కాలు జారుతుందేమోనని.