కొసరు గొంతులు

పొద్దున్నే నూకరత్నం చేపల గంప రాజుగారి గేటు ముందు దిగిందంటే వీధి వీధంతా వినాల్సిందే. "వాటా రెండొందలండి" అంటుంది నూకరత్నం. "నూటయాభైకిస్తావా?" అంటారు సూర్యకాంతమ్మగారు. బేరం తెగాక అసలు సంగతి, కొసరు. పైన ఊరికే రెండు కట్టిపరిగె చేపపిల్లలు పడేదాకా ఆవిడ గిన్నె లోపలికి తీసుకెళ్ళరు. మొగుడు సూర్యనారాయణరాజుగారికి ఊరిచుట్టూ రొయ్యల చెరువులే. అయినా కొసరు కొసరే!

ఆ చెరువుల మురుగంతా కాలవలోకే. చేపలు చచ్చి తేలిపోతున్నాయి. ఇంకో ఏడాది ఇలాగే సాగితే గంపలోకి ఏమీ ఉండదని నూకరత్నం ఈసారి సర్పంచిగా నిలబడింది.

మొగుడు బుజ్జిబాబు తన ఆటోకి మైకు కట్టాడు. ఆ ఊళ్ళో మైకులు ఎవరి సొమ్ముతో నడిస్తే వాళ్ళ గొంతే పలుకుతాయి. పోటీగా నిలబడ్డ రామతులసి మైకులో ఎప్పుడో రాజుగారి గొంతు మొదలైంది. అందుకే నూకరత్నం మైకు అద్దె తన చేపల డబ్బుతోనే కట్టింది.

మొదటి వీధిలో "కాలవని కాపాడుకుందాం" అని నోరు తెరిచింది. మైకులోంచి గంభీరంగా, "చెరువు నీళ్ళు కాలవలోకి కాక ఆకాశంలోకి వదులుతామా?" అని వచ్చింది.

అరుగు మీద జ్ఞానమ్మ, "ఈవిడకీ రాజుగారే ఇచ్చారు కాబోలు" అని మళ్ళీ బియ్యం ఏరుకోసాగింది.

నూకరత్నం మొగుడి మీద పడింది. "ఏంటయ్యా ఇది?"

"మైకుకి కాదే... డీజిల్‌కి ఇచ్చారు. డీజిల్ తాగేది ఆటో గానీ మైకు కాదు కదా అని..."

"మరి మైకుకి కరెంటిచ్చే బ్యాటరీ ఎవరిదయ్యా? ఆటోదేగా! నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

అప్పటికప్పుడు వెళ్ళి డబ్బు తిరిగిచ్చేసింది. రాజుగారు నవ్వారు. "పదీ పరకాతో ఎలక్షన్లవుతాయా నూకరత్నం? నీకెవరిస్తారు?"

నూకరత్నానికి ఏడుపొచ్చింది. ఆ మాట నిజమేనేమోనని భయం కూడా వేసింది.

మర్నాడు ప్రతి గుమ్మంలోనూ ఒకటే చెప్పింది. "ఇవాళ కొసరు అడక్కండమ్మా. ఆ చేపలమ్మి డీజిల్ పోయిస్తాను." బేబీ, తలుపులమ్మ, చేపలమ్మే ఆడవాళ్ళంతా అదే పాట. కొసరు వదులుకోమంటే ఆ ఊరి ఇల్లాళ్ళకి ప్రాణం మీదికొచ్చినట్టే. అయినా వదిలారు. సూర్యకాంతమ్మగారు మాత్రం గేటు పట్టుకుని చాలాసేపు ఆలోచించారు. "ఈమధ్య కట్టిపరిగెలు కూడా మురుగు కంపు కొడుతున్నాయే" అని నిట్టూర్చి, అలవాటుగా గిన్నెలో వేయించుకున్న రెండూ తీసి గంపలో వేసేశారు.

సాయంత్రం ఆటో బయల్దేరింది. మైకులోంచి ఊరు ఊరంతా పలికింది! జ్ఞానమ్మ దగ్గు, బేబీ "చేపలోయ్" కేక, ఎవరిదో తిట్టు, ఎవరిదో కిలకిల. అందరూ ఒకేసారి కాలవ గురించి మాట్లాడేస్తుంటే పిల్లలు ఆటో వెనకాల గెంతారు. తన గొంతు తనకే వినపడక నూకరత్నం పడీపడీ నవ్వింది.

రాజుగారు బాల్కనీలో కాఫీ తాగుతున్నారు. ఆటో మేడ ముందుకి రాగానే మైకు గొంతు సవరించుకుంది.

"ఏవండీ! ఆ మురుగు తూము మూయించేదాకా ఇంట్లో పులుసు లేదండి. నా ఓటు నూకరత్నానికేనండి!"

రాజుగారు కప్పు పట్టుకుని వంటింటి దాకా వెళ్ళారు. సూర్యకాంతమ్మగారు తలెత్తకుండా చింతపండు డబ్బాకి గట్టిగా మూత బిగిస్తున్నారు.

పోలింగుకి ముందే తూము మూతపడింది. నూకరత్నం గెలిచింది కూడా. గెలిచిన మర్నాడు పొద్దున్నే గంప తీసుకుని గేటు ముందు దిగింది. బేరమైంది. సూర్యకాంతమ్మగారు గిన్నె ముందుకి చాపారు.

"ప్రెసిడెంటుగారండీ, కొసరేదీ?"

"ఆయ్" అంటూ నూకరత్నం రెండు చేతులతోనూ వేసింది.