ఖాళీగా ఉన్నవాళ్లు

ఉల్లిగడ్డలు కోస్తుంటే మా అత్త మహబూబ్‌బీ వంటింటి గడప దగ్గరికొచ్చి, "సాజియా, షబీనా అత్తగారోళ్లు వేంపల్లె నుంచి మధ్యాహ్నం తిండికి వస్తాండారు. బిర్యానీ గూడా నువ్వే చెయ్యి. నీ చెయ్యి బిరీన ఆడుతాది" అంది. షబీనా నా ఆడబిడ్డ.

ఈ రోజు పులివెందులలో నా సెమినార్ అని వారం నుంచి చెబుతూనే ఉన్నాను. ఒక పెద్ద పనిని చాలా కంప్యూటర్లకు ఒకేసారి పంచేటప్పుడు దేనికి ఎంత ఇవ్వాలన్నదే నా పరిశోధన.

శుక్రవారం మా బట్టలంగడికి సెలవు. మంచం మీద ఫోన్ చూసుకుంటున్న మా ఆయన నయీం తల కూడా ఎత్తలేదు. "మీ జగన్నాథం సారుకు ఫోన్ చేసినాలే. నీ పేపరు ఆయనే చదువుతాడంట. ఎవురు చదివితే ఏముంది, రాసింది నువ్వే గదా?"

ఒళ్లు మండిపోయింది. ఆ సారు నేను పాఠాలు చెప్పే కాలేజీలో మా డిపార్ట్‌మెంట్ హెడ్. "మీరైతే చిటికెలో చేసేస్తారు మేడం" అని అందరి ఫైళ్లూ నా టేబుల్ మీదకే తోస్తాడు. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి. నేను పేపర్లో ఎత్తిచూపిన లోపమూ ఇదే. త్వరగా ముగించిన యంత్రం నెత్తినే మళ్లీ పని పడేస్తారు, అది ఎంత వేడెక్కిందో చూడరు. ఇంకో పద్ధతిలో, ఊపిరాడనంత పనిలో ఉన్న యంత్రమే ఖాళీ యంత్రాన్ని వెతికి పట్టుకుని పని అప్పజెప్పాలి. ఆ వెతకడం కూడా పనేనని లెక్కలో వేయరు. ఖాళీగా ఉండి కూడా తీరిక లేదనే యంత్రాన్ని ఏం చేయాలి? దానికి జవాబు ఇంకా ఎవరికీ దొరకలేదు. మా ఇంటికొచ్చి చూస్తే ప్రశ్న అయినా బాగా అర్థమవుతుంది.

చేతులు కడుక్కుని సారుకు ఫోన్ చేశాను.

"సార్, నా పేపరు నేనే చదువుతాను."

"ఇంట్లో ఇబ్బంది కదమ్మా?"

"ఆ ఇబ్బంది ఇంట్లోవాళ్లు చూసుకుంటారు సార్."

ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుంటే అత్త బుగ్గలు నొక్కుకుంది. "యాడికి పోతాండావు? చుట్టాలొచ్చే యాళకు?"

నయీం లేచి కూర్చున్నాడు. "ముందే చెప్పింటే నేనే చేసుందును గదా!"

చెప్పాలట! అత్త మందులు ఎప్పుడు అయిపోతాయో, గ్యాసు ఎప్పుడు బుక్ చేయాలో గుర్తుపెట్టుకుని, ఈయన మూడ్ చూసి, కోపం రాకుండా చెప్పడం. పెళ్లయినప్పటి నుంచి ఆ ఉద్యోగం కూడా నాదే.

"సరే, ఏమేం చేయల్నో చెప్పి పో" అన్నాడు.

గిన్నెలో మాంసం ఉంది. పీట మీద సగం కోసిన ఉల్లిగడ్డలున్నాయి. అన్నీ ఆయన కళ్లెదురుగానే ఉన్నాయి.

చెప్పలేదు. బస్టాండుకు ఆటో ఎక్కాను.