రికార్డులోంచి తీసేసిన మాటలు

శాసనసభలో ఎవరేం మాట్లాడినా పొల్లు పోకుండా రాసుకోవడం ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే పని. అందరూ స్టెనోగారూ అనే పిలుస్తారు. సభ్యుల మొహాల కంటే గొంతులే ఆమెకు బాగా గుర్తు. తలెత్తకుండానే ఎవరు అబద్ధం చెప్పబోతున్నారో పసిగట్టేస్తుంది. ఒకాయన ముందుగా గొంతు సవరించుకుంటాడు, ఇంకొకాయన "నిజం చెప్పాలంటే" అంటాడు. సభ్యులు ఒకరినొకరు ఏ జంతువుతో పోల్చుకుని తిట్టుకున్నా ఆమె రాసేది "అంతరాయం" అన్న ఒక్క మాటే.

ఆమె తమ్ముడు లిఫ్టు మెకానిక్కు. నోట్లో నాలుక లేని మనిషి. రెండేళ్ల కిందట ప్రభుత్వం ప్రయోగం పేరుతో ఆ ఒక్క నగరంలో, డబ్బు పెట్టి ఫోన్లో ఆడే ఆటలకు అనుమతి ఇచ్చింది. మొదట్లో అతను అన్నం తింటూ ఆడేవాడు. తర్వాత అన్నం మానేసి ఆడాడు. పోయినేడు ఏడంతస్తుల మేడలో లిఫ్టు బాగుచేయడానికి వెళ్లి, పైనుంచి కాలు జారి పడి చనిపోయాడు. ఫోను మాత్రం లిఫ్టు పెట్టె మీద పదిలంగా దొరికింది. అందులో ఆట ఇంకా తిరుగుతూనే ఉంది. అతను పనిచేసే కంపెనీవాళ్లు "పనిలో నిర్లక్ష్యం" అని ఒక కాగితం రాసిచ్చి చేతులు దులుపుకున్నారు.

ఈ ఏడు ఆ ఆటల్ని రాష్ట్రమంతటా అనుమతించే బిల్లు వచ్చింది. దాన్ని పరిశీలించే సభాసంఘానికి అధ్యక్షుడు మాస్టారు. ఒకప్పుడు లెక్కలు చెప్పిన మనిషి. ఆమె తమ్ముడి ఇల్లున్న పేటకు ఆయనే ప్రతినిధి. పోయిన ఎన్నికల్లో ఈ ఆటల్ని ఊళ్లోంచి తరిమేస్తానని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. స్టెనోకు ఆయనంటే గౌరవం. అంకెలు ఎక్కువున్న ప్రసంగమైతే ముందే ఒక చీటీ మీద రాసి ఆమె బల్ల మీద పెట్టేది ఆయనొక్కడే.

బిల్లు మీద సామాన్యులు కూడా వచ్చి సాక్ష్యం చెప్పొచ్చని ప్రకటన వెలువడగానే, ఆదివారం పొద్దున్నే ఆమె తమ్ముడి భార్య, తన మరదలి ఇంటికి వెళ్లింది. మరదలు ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పనిచేస్తుంది. సబ్బునీళ్లకు చేతివేళ్లు పగిలి ఉన్నాయి.

"నాకెందుకు వదినా ఆ పెద్దవాళ్ల మధ్య? నాకు నోరు పెగలదు."

"పెగిలినంతే చెప్పు. నువ్వెంత చెప్తే అంత రాస్తాను. అది పుస్తకంలోకి ఎక్కుతుందే. వందేళ్ల తర్వాత ఎవరు తెరిచినా వాడి గురించి నువ్వు చెప్పిన మాట ఉంటుంది."

మరదలు తల అడ్డంగా ఊపింది. స్టెనో ఆమె పక్కన కూర్చుని, "వాడి గురించి ఆ కంపెనీ కాగితం ఒక్కటే మిగిలిపోతే ఎట్లాగే?" అంది.

ఆ మాటకు మరదలు మెత్తబడింది.

సాక్షి తన బంధువని పైఅధికారికి చెప్పడం నియమం. చెబితే వేరేవాళ్లను వేస్తారు. వేరేవాళ్లు మరదలి మాటను సరిగ్గా వింటారో లేదో. అందుకని స్టెనో చెప్పలేదు. అన్నేళ్ల ఉద్యోగంలో ఆమె చేసిన తప్పు అదొక్కటే.

ఆ రోజు ముందుగా ఆటల కంపెనీల తరఫు ప్రతినిధి మాట్లాడాడు. లాబీల్లో అన్ని పార్టీలవాళ్ల భుజాల మీదా చెయ్యేసి తిరిగే మనిషి. అధికార పక్షానికీ ప్రతిపక్షానికీ ఎన్నికల ఖర్చులకు ఒకే చేత్తో ఇస్తాడని ప్రతీతి. వెన్న పూసినట్టుండే గొంతుతో నలభై నిమిషాలు పన్నుల గురించీ, ఉద్యోగాల గురించీ, బాధ్యత గల వినోదం గురించీ చెప్పాడు. ఒక్కరూ గడియారం చూడలేదు.

మరదలికి మూడు నిమిషాలు ఇచ్చారు.

"మా ఆయన చెడ్డవాడు కాదండీ," అని మొదలుపెట్టి ఆగిపోయింది. మైకు దగ్గరగా జరుపుకోమన్నారు. జరుపుకుంది. "పడిపోయిన రోజు పొద్దున పిల్లకు జడ వేశాడు. ఒక చేతిలో ఫోను, ఒక చేత్తో జడ. వంకరగా వచ్చిందని అది ఏడిస్తే, సాయంత్రం వచ్చి మళ్లీ వేస్తానన్నాడు."

స్టెనోకు ఈ సంగతి తెలియదు. చేతిలో పెన్సిలు ముల్లు పుటుక్కున విరిగింది. ఇంకొకటి అందుకుంది.

మరదలు ఇంకా ఏవో చెప్పింది. అతను మానేద్దామని రెండుసార్లు ప్రయత్నించడం, ఫోను బియ్యం డబ్బాలో దాచిపెట్టమనడం, మళ్లీ తనే వెతుక్కోవడం. ఒక సభ్యుడు ఆవులించాడు. చివరికి ఆమె తలెత్తి మాస్టారి వైపు చూసింది.

"మాస్టారూ, ఓట్లప్పుడు మా గుమ్మంలో నిలబడి మాటిచ్చారు. ఇప్పుడు మా వీధి చివర మీరు కట్టించిన లైబ్రరీ మీద ఆ ఆటలవాళ్ల పేరుంది. మా ఆయన ప్రాణానికి దాంట్లో ఎన్ని ఇటుకలు వచ్చాయండీ?"

మాస్టారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. పక్కనున్న సభ్యుడు వంగి ఆయన చెవిలో ఏదో చెప్పాడు.

"ఇది బిల్లుకు సంబంధం లేని ఆరోపణ," అన్నాడు మాస్టారు, బల్లకేసి చూస్తూ. "సాక్షి మాటలు రికార్డు నుంచి తొలగించండి."

"ఆఖరి మాటలేనా అండీ?" అని అడిగింది స్టెనో. అన్నేళ్లలో ఆమె సభాసంఘంలో నోరు తెరవడం అదే మొదలు. అందరూ ఆమె వైపు తిరిగారు.

ఆయన ఒక్క క్షణం తడబడి, "మొత్తం," అన్నాడు.

ఆమె పుటలకు అడ్డంగా గీత కొట్టింది. చెయ్యి వణకలేదు. అందుకు తర్వాత చాలాకాలం తనను తాను తిట్టుకుంది.

భోజన విరామంలో మాస్టారు వరండాలో ఆమెను ఆపాడు. "ఆవిడ మీకేమవుతారమ్మా?"

"మరదలండీ. పోయినవాడు నా తమ్ముడు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "లైబ్రరీ కోసం పదకొండేళ్లు అర్జీలు పెట్టానమ్మా. ప్రభుత్వం పైసా విదల్చలేదు. వీళ్లు వారంలో ఇచ్చారు. అప్పుడు నన్నేమీ అడగలేదు. ఏమీ అడగకుండా ఇచ్చినవాళ్లను కాదనడం ఎంత కష్టమో అప్పుడు తెలీలేదు." అద్దాలు తుడుస్తూనే, "ఆవిడ పిల్ల కూడా ఆ లైబ్రరీకి రోజూ వస్తుందట. బాగా చదువుతుందని విన్నాను," అన్నాడు.

ఆమెకు ఆయన మీద కోపం రావాల్సింది. ఎదురుగా ఒక ముసలాయన చొక్కా అంచుతో అద్దాలు తుడుస్తూ నిలబడ్డాడు, అవి ఎప్పుడో శుభ్రపడ్డాయి. "ఆ పిల్లకు వాళ్ల నాన్న ఎందుకు పోయాడో ఆ లైబ్రరీలో ఏ పుస్తకంలోనూ దొరకదండీ," అని మాత్రం అని వచ్చేసింది.

సభలో బిల్లు పది ఓట్ల తేడాతో నెగ్గింది. మాస్టారు అవునన్నాడు. ఆయన గొంతు సరిగా వినపడక, నిబంధన ప్రకారం, స్టెనో "మళ్లీ చెప్పండి" అని అడిగించి మరీ రాసుకుంది.

అచ్చు పుస్తకం రెండు నెలలకు వచ్చింది. ఆ రోజు తొలగించమన్న మాట అర్థం కాని మరదలు అప్పటికి నాలుగుసార్లు అడిగింది. దాచిపెట్టి లాభం లేదని స్టెనో పట్టుకెళ్లింది. మరదలు చీర చెంగుకు చేతులు తుడుచుకుని, వేలు పెట్టి వెతికి, తన పేరు పట్టుకుంది. పేరు, చిరునామా, వృత్తి. దాని కింద చుక్కల గీత. "అధ్యక్షుని ఆదేశానుసారం తొలగించబడినది."

ఆ వాక్యాన్ని కూడబలుక్కుని రెండుసార్లు చదివింది.

"వద్దంటే చెప్పమన్నది నువ్వే కదా వదినా." గొంతులో నిష్ఠూరం కూడా లేదు.

"నేనే."

"నువ్వు చేత్తో రాసుకున్నది ఉంటుందిగా?"

అచ్చయ్యాక నోటుపుస్తకాలు యంత్రంలో వేసి ముక్కలు చేయాలి. ఎప్పటిలాగే స్టెనో తన చేత్తోనే వేసింది. కావాలని కాదు. కట్టలో ఆ పుస్తకం ఉందని ముక్కలు రాలుతుంటే గుర్తొచ్చింది. ఆ సంగతి దాచకుండా చెప్పింది.

"పోనీ నాకు మళ్లీ చెప్పవే. రాసిపెడతాను. పిల్లకు ఉంటుంది."

"ఏం చెప్పానో నాకు గుర్తులేదు. అక్కడ ఒళ్లంతా వణికిపోయింది. బియ్యం డబ్బా సంగతి చెప్పానా?"

"చెప్పావు. దాని తర్వాత ఇంకేదో అన్నావు. వాడు నీతో అన్న మాట."

"ఏం మాట?"

స్టెనో కళ్లు మూసుకుంది. అన్నేళ్లుగా మాటలన్నీ చెవిలోంచి నేరుగా చేతిలోకి దిగిపోయేవి. మనసులో ఆగనిస్తే వెనకబడిపోతామని నేర్చుకున్న పని. ఎంత తవ్వినా దొరకలేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటూ, ఆ మనిషి చివరిరోజుల్లో అన్న ఒక మాట కోసం వెతుక్కున్నారు. అది ఇద్దరి దగ్గరా లేదు.

కాసేపటికి మరదలు పుస్తకం మూసి ఇచ్చేసింది. "తీసుకుపో వదినా. ఇది ఇంట్లో ఉంటే పిల్ల చదువుతుంది."

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పుస్తకం ఒళ్లో బరువుగా ఉంది. స్టాపు స్టాపుకూ జనం ఎక్కుతున్నారు. ఆమె పెదవులు మాత్రం కదుపుతూ, తమ్ముడి గొంతును గుర్తుచేసుకోవడానికి ప్రయత్నిస్తూ కూర్చుంది.