ఎనిమిదో స్థానం

మార్కులాయన వల్లే తన కొంప మునిగిందని డేగ ఇప్పటికీ అంటాడు. అడిగినవాళ్లతో అంటాడు, అడగనివాళ్లను ఆపి మరీ అంటాడు. మార్కులాయన అంటే ఎవరో పరాయివాడు కాదు, సొంత తోడల్లుడు, డేగ భార్యకు అక్క మొగుడు. పదికి ఇన్ని అని మార్కులు వేయనిదే ఆ మనిషికి ముద్ద దిగదు. కూరకు ఆరు, బస్సు డ్రైవరుకు నాలుగున్నర, పెళ్లి భోజనానికి ఏడు. డేగ అద్దెకుంటున్న రెండు గదుల ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి "మూడు" అన్నాడు. వెనక కిటికీ తీస్తే గాలి వస్తుందని తెలిశాక మూడుంపావు చేశాడు.

ఏడో తరగతిలో బడి మానేసిన డేగకు మార్కులంటేనే ఒళ్లు మంట. బళ్లో మాస్టారికి దొరక్కుండా పారిపోయి వస్తే, నడివయసులో తోడల్లుడి రూపంలో ఎదురొచ్చి కూర్చున్నాయవి.

ఇద్దరూ పనిచేసేది ఒకే సినిమా హాల్లో. నాలుగు తెరల పెద్ద హాలు. బడి సెలవుల్లో పిల్లల కోసం సూపర్ హీరోల వేషాలు కట్టి టికెట్ల దగ్గర నిలబడడం వాళ్ల ఉద్యోగం. మార్కులాయన తుఫాను దొర. నీలం అంగీ, వెండి కిరీటం, చేతిలో మెరుపు కర్ర. డేగది ఉక్కుడేగ వేషం. మెడ నుంచి మడమ దాకా ఒకటే తొడుగు, ముఖం మీద ముక్కున్న టోపీ, వీపున అటు మూడడుగులు, ఇటు మూడడుగులు రెక్కలు. పక్కకు తిరగనిదే ఏ గుమ్మంలోనూ పట్టడు. ఆ వేషం కట్టిన నాలుగేళ్లలో అతని అసలు పేరు ఇంట్లోవాళ్లు కూడా వాడడం మానేశారు.

ఆ తొడుగుకు జిప్పు వీపు మీద, రెక్కల కింద ఉంటుంది. పైన ఒక కొక్కెం. కట్టుకున్నవాడి చేతికి అది అందదు. డేగ జిప్పు దొర తీయాలి, దొర కిరీటం పట్టీలు డేగ విప్పాలి. ఇంకెవరు ముట్టుకున్నా రెక్కల కీలు విరుగుతుందనీ, విరిగితే జీతంలో కోత పడుతుందనీ మేనేజరు గోడకు కాగితం అంటించాడు. వేషంతో హాలు గడప దాటితే ఆ రోజే ఉద్యోగం కూడా దాటినట్టేనని దాని కింద ఇంకో వాక్యం.

ఆ రోజు డేగ చొక్కా జేబులో, అంటే ఆ తొడుగు లోపల, బ్యాంకు డ్రాఫ్టు ఉంది. ఊరి చివర ఒక స్థలం. ఇరవై రెండేళ్లు అద్దె ఇళ్లలో మేకులు కొట్టాలన్నా ఒకరిని అడిగి బతికిన మనిషి, మొదటిసారి తనదనుకుని చూసుకున్న నేల. అడ్వాన్సు ఇచ్చి మూడు నెలలైంది. మిగతాది కట్టి సంతకం పెట్టడానికి గడువు ఆ రోజే. ఐదింటికి రిజిస్ట్రేషన్ ఆఫీసు మూసేస్తారు. ఆ లోపు రాకపోతే స్థలం వెనకాలే కాచుకుని ఉన్న ఇంకొకాయనకు పోతుంది, అడ్వాన్సూ పోతుంది. కాగితం మీద అలాగే రాసుకున్నారు.

సెలవు పెడదామంటే, బడి సెలవుల్లోనే కదా వాళ్లకు పని. మూడున్నరకు వేషం విప్పితే నాలుగూ పదికల్లా అక్కడుంటాననుకున్నాడు. ఆ పొద్దున్నే మొదటిసారి స్థలం సంగతి చెప్పగానే భార్య అడిగింది.

"ఆ డ్రాఫ్టు నాకివ్వరాదూ? నేను ముందెళ్లి కూర్చుంటాను."

"నీ చేతికిస్తే మీ అక్క చేతికిచ్చినట్టే. మీ అక్కకు తెలిస్తే ఆయనకు తెలుస్తుంది. ఆయన వచ్చి ఆ స్థలం మధ్యలో నిలబడి రెండున్నర అంటాడు. నేను వినలేను."

"మార్కులకు భయపడి పెళ్లాం దగ్గర కూడా దాస్తారా?"

"సంతకమైపోనీ. ఆ తర్వాత సున్నా వేసుకోమను. నాలుగింటికి ఆఫీసు మెట్ల దగ్గరుండు."

మూడింటికి ఇద్దరూ చెక్క వేదిక ఎక్కారు. అది రోజూ ఉండే ఆటే. ఏ హీరో గొప్ప అని ఇద్దరూ వాదించుకోవాలి, పిల్లలు అరవాలి, చివరికి ఒకడు రెండోవాడి ముందు నేల మీద మోకాలు వేయాలి. మోకాలు పడితేనే ఆట ముగిసినట్టు. అప్పటిదాకా వేదిక దిగకూడదు. ఒకరోజు ఒకడు ఓడితే మర్నాడు రెండోవాడు ఓడాలని తోడల్లుళ్లిద్దరూ వంతులు వేసుకున్నారు. ఆ రోజు ఓడాల్సింది మార్కులాయన. అందుకే డేగ నిశ్చింతగా ఎక్కాడు.

కాకపోతే మేనేజరు ఆ రోజు ఆట మార్చాడు. ఒక పెద్ద బోర్డు తెప్పించి పక్కన నిలబెట్టాడు. దాని మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు. ఉక్కుడేగ సినిమాలు నాలుగు, తుఫాను దొరవి నాలుగు. ఎనిమిది పోస్టర్లనూ మంచి చెడ్డలు చెప్పి వరసలో అంటించాలి.

మార్కులాయనకు అంతకంటే ఏం కావాలి? ఎండిన పొలానికి కాలవ తిరిగినట్టయింది. తుఫాను దొర మూడో భాగాన్ని తీసి మొదటి స్థానంలో అంటించాడు.

"నగరం మొత్తాన్ని వరదలోంచి ఎత్తి కొండ మీద పెట్టాడు. ఎంతమందిని కాపాడాడన్నదే హీరోకు కొలత. తొమ్మిదిన్నర."

"కొండ మీద పెట్టాడు సరే, మళ్లీ కిందకు దించాడా? వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు పాపం" అన్నాడు డేగ. పిల్లలు నవ్వారు.

మూడూ ఇరవైకి ఏడు పోస్టర్లు ఎక్కేశాయి. ఇంక ఒక అంకె మిగిలింది, ఒక పోస్టరు మిగిలింది. ఉక్కుడేగ రెండో భాగం. మార్కులాయన దాన్ని ఎనిమిదో అంకె దగ్గరకు తీసుకెళ్లాడు.

ఆ సినిమాను డేగ వెనక గోడకు ఆనుకుని పదకొండుసార్లు చూశాడు. అందులో హీరో రెక్కలు మొదట్లోనే తెగిపోతాయి. సినిమా అంతా నడుస్తాడు. ఎవరూ గుర్తుపట్టరు.

"అది ఎనిమిది కాదు" అన్నాడు డేగ.

"రెండు గంటల సినిమాలో హీరో ఎగిరింది నాలుగు నిమిషాలు. మొత్తం మీద కాపాడింది ఒక ముసలాయన్ని. మూడు."

మూడు అన్న మాట చెవిన పడగానే డేగకు అద్దె ఇంటి గుమ్మం కళ్ల ముందు కదిలింది. అయినా తమాయించుకున్నాడు. దగ్గరకు జరిగి, ముక్కు టోపీ కిరీటానికి తగిలేలా వంగి గొణిగాడు.

"అన్నయ్యా, ఇవాళ వంతు నీది. మోకాలు వెయ్యి, నాకు పనుంది."

"వంతు నాదేరా, కాదన్నానా? కానీ ఈ సినిమా ముందు మాత్రం వెయ్యలేను. తప్పుడు మార్కులు వేస్తే రాత్రి నిద్రపట్టదు నాకు. ఇంతకీ ఏం పని?"

తేలు కుట్టిన దొంగలా అయింది డేగ పని. చెబితే రెండు ముక్కల్లో తేలిపోయేది. ఆ రెండు ముక్కలే గొంతు దాటలేదు.

సరిగ్గా అప్పుడే మూడో తెర యంత్రం మొరాయించింది. మూడున్నర ఆటకు వచ్చిన జనమంతా వేదిక చుట్టూ చేరారు. టికెట్ల కిటికీలోంచి మేనేజరు వేలు గుండ్రంగా తిప్పాడు. సాగదీయండి అని.

తొడుగు లోపల చెమట కాలవలు కట్టింది. చొక్కా ఒంటికి అంటుకుంది. డ్రాఫ్టు తడుస్తుందేమోనని డేగకు ఒకటే బెంగ. తొడ మీద ఫోను చలిజ్వరం పట్టినట్టు వణకడం మొదలుపెట్టింది. ఆఫీసు మెట్ల మీద నుంచి భార్య. తీయడానికి లేదు, తడుముకోవడానికీ లేదు. వణికి ఆగుతోంది, ఆగి వణుకుతోంది.

ముందు వరసలో మనవరాలిని ఎత్తుకున్న ముసలామె విసుక్కుంది.

"ఏ సినిమా అయినా చివరికి గెలిచేది వీళ్లే కదా నాయనా. ఇంక ఆ మార్కులెందుకు?"

"ఎలా గెలిచాడన్నదానికమ్మా" అన్నాడు మార్కులాయన మర్యాదగా.

ఎదురు గోడ మీద గడియారం నాలుగు దాటింది. మేనేజరు వేలు తిప్పడం ఆపేశాడు, యంత్రం బాగైనట్టుంది. ఇంక ఎవరో ఒకరు మోకాలు వేయడమే తరువాయి. వంతు కాకపోయినా తనే వేద్దామని డేగ కాలు వంచాడు. మార్కులాయన చేతిలోని పోస్టరు అతనికిచ్చాడు.

"అయితే ఎనిమిదో అంకె మీద నీ చేత్తోనే అంటించు."

అంటించి ఉంటే అయిపోయేది. అప్పటికి నాలుగూ ఐదు. పరిగెడితే నాలుగు ముప్పావుకు అక్కడుండేవాడు. ఈ మాట డేగ తోడల్లుడిని తిట్టేటప్పుడు ఎప్పుడూ చెప్పడు.

పోస్టరు చేతిలోకి రాగానే అతను నిటారుగా నిలబడ్డాడు. వెళ్లి మొదటి అంకె మీద, తుఫాను దొర ముఖం మీదుగా అంటించాడు.

"ఎగిరేవాడు కాపాడితే గొప్పేముంది? చేప ఈదితే చప్పట్లు కొడతామా? వీడికి రెక్కల్లేవు. చేతిలో పైసా లేదు. నిన్న దండలు వేసినవాళ్లు ఇవాళ గుమ్మంలోంచే పంపేశారు. అయినా ముసలాయన కేక వినపడితే ఆరంతస్తులూ మెట్లెక్కి వెళ్లాడు. మెట్లెక్కి. కొండనెత్తిన దొరగారిని ఒక్కసారి ఆ మెట్లెక్కమనండి, ఆయాసానికి ఎన్ని మార్కులొస్తాయో చూద్దాం."

జనం గొల్లుమన్నారు. పెద్దవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. డేగకు ఆ చప్పట్లు కల్లులా ఎక్కాయి. ఒకటా రెండా, పుట్టి బుద్ధెరిగాక మింగినవన్నీ కక్కాడు. దొర నాలుగు సినిమాలనూ ఒక్కొక్కటే చీల్చి ఆరేశాడు. మార్కులాయన కూడా పట్టు వదల్లేదు. అడిగినదానికల్లా లెక్కతో జవాబు చెప్పాడు. ఇద్దరిలో ఎవరూ నటించడం లేదని జనానికి తెలియదు.

మధ్యలో ఎప్పుడో డేగకు తొడ మీద ఏదో వెలితిగా తోచింది. ఫోను వణకడం మానేసింది. ఎంతసేపైందో గుర్తులేదు. తలెత్తి చూస్తే నాలుగు ముప్పై రెండు.

మోకాలు దబ్బున వేశాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నవాడు ఉన్నట్టుండి అలా కూలబడేసరికి పిల్లలు బిత్తరపోయారు. లేచి, తన పోస్టరు పీకి, తన చేత్తోనే ఎనిమిదో అంకె మీద అంటించాడు.

వేషాల గదిలో మార్కులాయన కొక్కెం తీయబోతే రాలేదు. చెమటకు గుడ్డ ఉబ్బి దాన్ని మింగేసింది.

"కదలకు. ఇవాళ ఏం మాట్లాడావురా! నా జన్మలో నీకు ఆరు దాటి వేయలేదు. ఇవాళ మాత్రం ఎనిమిదిన్నర."

"లాగు అన్నయ్యా."

"లాగుతున్నా. కీలు విరుగుతుంది, నిదానం."

"స్థలం కొంటున్నాను" అన్నాడు డేగ గోడకేసి చూస్తూ. "డ్రాఫ్టు జేబులో ఉంది. ఐదింటికి మూసేస్తారు."

వీపు మీద చేతులు ఆగిపోయాయి.

"ఇవాళా?"

"ఇవాళే."

"ఒక్క మాట చెబితే మోకాలేంటిరా, బొక్కబోర్లా పడుకునేవాణ్ని కదా" అన్నాడు మార్కులాయన. ఆ గొంతులో వెటకారం లేదు. బల్ల మీది కత్తెర తీసుకుని, మెడ నుంచి నడుము దాకా ఆ తొడుగును చీల్చేశాడు. ఒక రెక్క ఊడి కింద పడింది. దాన్ని దాటుకుని ఇద్దరూ పరిగెత్తారు. కిరీటంతోనే మార్కులాయన స్కూటరు నడిపాడు. దారిపొడుగునా జనం చూసి నవ్వారు.

ఆఫీసు చేరేసరికి ఐదూ ఏడు. గేటుకు తాళం వేసి ఉంది. భార్య మెట్ల మీద సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. మొగుడిని, వెనక కిరీటంతో నిలబడ్డ బావగారిని మార్చి మార్చి చూసింది.

"ఐదుకు పది నిమిషాలుందనే దాకా స్థలం అమ్మేవాణ్ని బతిమాలి ఆపాను. ఇంక మూసేస్తారని అతనూ, వెనకాల కాచుకున్న ఆ రెండో ఆయనా లోపలికి వెళ్లి సంతకాలు చేసి వచ్చారు. ఆ రెండో ఆయన పోతూ పోతూ నాకు నమస్కారం కూడా పెట్టాడు."

డేగ జేబులోంచి డ్రాఫ్టు తీశాడు. తడిసి నాలుగు మడతలూ అంటుకుపోయి ఉంది. విప్పకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

మార్కులాయన మెల్లగా అడిగాడు.

"ఎంతరా స్థలం?"

"నూట యాభై మూడు గజాలు" అన్నాడు డేగ. "మూల బిట్టు. రెండు వైపులా రోడ్డు. పదికి ఎన్నేస్తావు అన్నయ్యా?"