సర్ ఒడో ముక్కు

ప్రభువుల ముక్కు తుడవడం అల్పకార్యం కాదు. అంతకన్న తక్కువ శ్రద్ధతో ఏలిన రాజ్యాలు ఎన్నో ఉన్నాయి. నెదర్ పాక్లో అనే కుగ్రామంలో ఆ రాచకార్యం చర్చి పరిచారకుడు జేబెజ్ వింటిల్‌ది. ఆ ఉదయం కూడా అతడు మోకాళ్ల కింద గోనె పరుచుకుని, చాకలిసోడా నీళ్లలో గుడ్డ పిండి, చర్చి లోపలి సమాధి మీద శిల్పంగా పవళించిన ఇసుకరాతి యోధుడు సర్ ఒడో ముఖాన్ని నలుగు పెట్టినట్టు రుద్దుతున్నాడు. తండ్రి అలాగే రుద్దాడు, తాతా అంతే. సోడాకు జేబెజ్ వేళ్లు పగిలి కొయ్యబారాయి. యోధుడి ముఖం మాత్రం కోడిగుడ్డులా నున్నగా ఉంది.

పొరుగున ఉన్న ఓవర్ పాక్లో గ్రామం చర్చికి శిఖరముంది, గడియారముంది. నెదర్ పాక్లోకు సర్ ఒడో తప్ప వేరే ఘనత లేదు. అందుకే ఊరి చరిత్ర రాస్తున్న విశ్రాంత పంతులమ్మ మిస్ హార్బాటిల్ ఆ వేళ భూతద్దంతో వచ్చింది.

“ఎంత పాపం జేబెజ్! ఈ ముక్కు ఎవరు విరగ్గొట్టి ఉంటారంటావు?”

జేబెజ్ చేతిలో గుడ్డ ఆగింది. చిన్నప్పుడు తండ్రి నేల ఊడుస్తుంటే తాను టోపీ తగిలించింది ఈ ముక్కుకే. అది ఎటు పోయిందని ఇన్నేళ్లలో ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు బకెట్టులోకి చూశాడు. నీళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి.

టీ తెచ్చిన అక్క కెజియా నవ్వింది. “విరగ్గొట్టడమేంటమ్మగారూ, మావాడే రుద్దీ రుద్దీ అరగదీశాడు. ఇంట్లో నా గిన్నెల గతీ ఇదే.”

“నీ నోటికి అడ్డూ అదుపూ లేదు కెజియా. ఇది అంతర్యుద్ధంలో చర్చి బొమ్మలు పగలగొట్టిన సైనికుల పనే, నాకు తెలుస్తూనే ఉంది.”

మూడు తరాల వింటిల్ వంశం పరువును పక్కన పెట్టి జేబెజ్ నోరు విప్పాడు. “అమ్మగారూ, ఆ ముక్కు... నా చిన్నతనంలో...”

“మీ తాత చెప్పేవాడా, సైనికుల సంగతి?”

జేబెజ్ ముక్కులేని ప్రభువు వంక చూశాడు. అక్కడ సాయమేమీ దొరకలేదు.

“చెప్పేవాడండి,” అన్నాడు.

చరిత్రకు ఆధారం దొరికింది. ఆమె సంతోషంగా వెళ్లిపోయింది. జేబెజ్ గుడ్డను బకెట్టు అంచున ఆరేసి, ముందు వరుస బల్ల మీద కూర్చున్నాడు.

“ఏంట్రా, ఆయన గడ్డం తుడవకుండా వదిలేశావ్?” అంది కెజియా కప్పులు తీస్తూ.

“ఉండనీ అక్కా. ఆయన శుభ్రంగానే ఉన్నాడు.”

భోజనానికి పిలవడానికి ఆమె తిరిగి వచ్చేసరికి జేబెజ్ అలాగే కూర్చుని ఉన్నాడు, మోకాళ్ల మీద చేతులతో, ఊపిరి ఆగి, రాతి ప్రభువంత చల్లగా.

వంశపారంపర్య సంరక్షకుడి సాక్ష్యం ప్రకారం సర్ ఒడో నాసిక సైనికుల సుత్తెలకు బలైనదని వసంతకాలంలో పుస్తకం అచ్చయింది. ఓవర్ పాక్లో ఊరివారు అసూయతో కుమిలిపోయారు. సమాధి పక్కన బకెట్టును మాత్రం ఎవరూ కదపలేదు. అందులో నీళ్లు ఎప్పుడో ఇంకిపోయి, అడుగున చిటికెడు పసుపుపచ్చ ఇసుక మిగిలింది.