ఏడో పిల్లర్ మీద

సదయ్యకు మతి చెడిందని పక్క క్వార్టర్ సారవ్వ అన్నదట. బొగ్గు బాయి పనోళ్లకు రిటైరయిన ఆరు నెలలకు అట్లనే అవుతుందని, కొత్తగా కొన్న జాగాలో పొద్దు పొడవకముందే కండ్లు మూసుకొని నడుస్తున్నాడని, గడ్డపారతో నేలను కొట్టి చెవి ఆనించి వింటున్నాడని పాలు పోసే ఆమెతో చెప్పిందట. పాలామె పాలల్లో నీళ్లు కలుపుతుంది గానీ మాటను మాత్రం చిక్కగానే పోస్తుంది. క్వార్టర్ల నడుమ నాలుగు గడపలు తిరిగి అది పోశవ్వ దాకా వచ్చేసరికి, సదయ్య నేలతో మాట్లాడుతున్నాడు, నేల జవాబు కూడా చెబుతున్నది అని తయారయింది.

పోశవ్వ కాదనలేదు. మొగడు కండ్లు మూసుకొని నడిచిన మాట నిజమే.

గోదావరిఖని శివారులో అది రెండు వందల గజాల జాగా. ముప్పై ఒక్క ఏండ్లు బొగ్గు బాయిలో పనిచేసిన సదయ్య, అందులో మొదటి తొమ్మిదేండ్లు సరిగ్గా దాని కిందనే చేశాడు. ఆ బాయి మూతపడి పద్దెనిమిదేండ్లయింది. రోడ్డు పక్కన గాలి కోసం తవ్విన పాత షాఫ్టు ఒకటి మిగిలింది. దాని చుట్టూ గోడ కట్టారు, గోడ చుట్టూ తుమ్మలు మొలిచాయి. కింద ఆ షాఫ్టు నుంచి తన పని చోటుకు ఎన్ని అడుగులో సదయ్య కాళ్లకు తెలుసు. అన్నే అడుగులు ఇప్పుడు పైన వేశాడు. కండ్లు తెరిస్తే చెట్లూ మోరీలూ అడ్డం వచ్చి లెక్క తప్పుతున్నది. మూసుకుంటే కింది దారి తేటగా కనబడుతున్నది.

బొగ్గు తీసేటప్పుడు ఒక్కసారే మొత్తం తీయరు. దారులు చేసుకుంటూ పోతూ నడుమ పెద్ద పెద్ద దిమ్మెలు వదిలేస్తారు. వాటినే పిల్లర్లంటారు. పైనున్న చెట్టూ చేనూ ఊరూ అన్నిటినీ మోసేవి అవే. సదయ్య లెక్కలో ఈ జాగా పడమటి సగం ఏడో పిల్లర్ మీద ఉన్నది. తూర్పు సగం కింద దారి, అంటే బోలు. ఇల్లు పిల్లర్ మీద కూర్చోవాలి. క్వార్టర్ ఖాళీ చేయడానికి ఇక రెండు నెలలే గడువు. ఉన్నది ఈ ఒక్క జాగా, కట్టగలిగేది ఈ ఒక్క ఇల్లు. రేపు గురువారం పునాది గుంతలకు ముహూర్తం.

మేస్త్రి జగదీశ్వర్ మొదట ఒప్పుకోలేదు. ఇల్లు అంత వెనక్కి జరిపితే పెరటి గోడకు ముక్కు తగులుతుందన్నాడు. కొడుకు ఉపేందర్‌కేమో రోడ్డుకు ఆనుకొని రెండు దుకాణాలకు షట్టర్లు దించాలని ఉన్నది. అందరి మాటలూ విని సదయ్య గడ్డపార తీసుకొని పడమటి దిక్కున ఒక్క దెబ్బ కొట్టాడు. బాయిలో పనికి దిగే ముందు నెత్తిమీది కప్పును ఇట్లనే కొట్టి చూస్తారు. గట్టి కప్పు ఖంగుమంటుంది, వదులుదైతే డొల్లగా పలుకుతుంది. ఇన్నేండ్లు కింద నిలబడి తల మీద కొట్టి చూసిన కప్పునే ఇప్పుడు కాళ్ల కింద కొట్టి చూస్తున్నాడు. నేల ఖంగుమన్నది. మేస్త్రి సుతిలి తాడు విప్పాడు.

బుధవారం పొద్దున, ఎండ ముదరకముందే పునాదికి ముగ్గు పోశారు. తెల్లటి పొడి సన్నగా రాలుతుంటే గోడలు ఒకటొకటే వచ్చి నిలబడ్డాయి. హాలు, వంటగది, రెండు పడక గదులు. ఉత్తరం మూలకు కిటికీ లేని చిన్న గది ఒకటి సదయ్య గీయించాడు. అదెందుకని కోడలు సంతోషి అడిగితే పగటి నిద్రకన్నాడు.

"రాత్రి షిఫ్టు ఎవలికున్నదిప్పుడు?" అన్నది పోశవ్వ. "ముప్పై ఏండ్లు నువ్వు పండుకున్నవని గిన్నె సప్పుడు గాకుండ వండిన. ఇగ ఈ ఇంట్ల బోళ్లు పగిలినా సరే, సప్పుడు చేసుకుంటనే వండుత."

అట్ల అన్నదే గానీ, తనే పోయి ఆ గదిలో ఒక నిమిషం నిలబడి వచ్చింది. బయట పగలే ఉన్నా లోపల చీకటిగా, చల్లగా అనిపించింది.

తర్వాత ఆ నలుగురూ ఇంట్లోకి దిగిపోయారు. సంతోషి ముగ్గు గడప ముందర చెప్పులు విడిచింది. పోశవ్వ వంటగదిలో తూర్పు మొహంగా నిలబడి, లేని పొయ్యి మీద లేని మూత తీసి చూసింది. ఉపేందర్ ఫోన్ మాట్లాడుతూ గీత దాటితే, గోడలకెల్లి పోతున్నవేందిరా, తొవ్వ కనబడతలేదా అని కసిరింది. వాడు నవ్వుకుంటూ వెనక్కి వచ్చి తలుపులోంచే బయటికి పోయాడు. సంతోషి తన గదిలో చాప పరుచుకొని, పక్కన అద్దం ఎక్కడ వేలాడాలో చూసుకుంటూ, చూసుకుంటూనే కునుకు తీసింది. గాలి వస్తే గోడలు కొంచెం కొంచెం పొడిగా లేచి, మళ్లీ తమ చోట్లకు వచ్చి కూర్చున్నాయి.

సదయ్య హాలు నడుమ కూర్చున్నాడు. అతనికి రెండు ఇండ్లు కనబడుతున్నాయి. పైన తెల్లది, కింద నల్లది. తన మంచం పడేచోటికి సూటిగా కింద, తాము గుంపుగా వీపు ఆనించి కూర్చొని సద్ది తిన్న పిల్లర్. వంటగది కింద ఆ పిల్లర్ అంచు, నీళ్ల ఊట. దీపం నెత్తికి పెట్టుకొని పడుచు సదయ్య ఒకడు పిల్లర్ పక్క దారిలో పోతున్నాడు. పైనుంచి గడ్డపార సప్పుడు వినబడి ఆగాడు. తల ఎత్తి, చేతిలోని రాడ్డుతో కప్పును మెల్లగా కొట్టాడు. ఖంగుమన్నది. ఎవరిదో ఇల్లు పైన క్షేమంగా ఉన్నదనుకొని పనికి పోయాడు.

ఎనిమిది దాటినాక ఆగయ్య మోపెడ్ మీద వచ్చాడు. సదయ్యకు వరసకు బావ. ఇద్దరూ ఒక్కనాడే ఆ బాయిలో దిగారు. తొమ్మిదేండ్ల తర్వాత సదయ్యను గోదావరి అవతలి బాయికి మార్చారు. ఆగయ్య మాత్రం మూసేదాకా ఇక్కడే చేశాడు. పెద్దమనిషి ఒకసారి చూసి మంచిదంటే బాగుంటుందని సదయ్యే పిలిపించాడు.

ఆగయ్య తలుపులోంచే వచ్చాడు. గదులన్నీ తిరిగి చూసి, సంతోషి లేచి ఫ్లాస్కులోంచి పోసిన చాయ తాగుతూ ఇల్లు ముచ్చటగా ఉన్నదన్నాడు. ఎందుకింత వెనక్కి జరిపారని మాత్రం అడిగాడు. సదయ్య ఆ ప్రశ్న కోసమే కాచుకొని ఉన్నట్టు షాఫ్టు నుంచి అడుగుల లెక్కంతా చెప్పాడు.

"ఏడోదా?" అన్నాడు ఆగయ్య.

"ఏడోదే. నాలుగో లెవల్ల. మనం సద్ది తిన్న కాడ."

ఆగయ్య చాయ గ్లాసు కింద పెట్టాడు. పెట్టినచోట ముగ్గు గీత ఉన్నదని చూసి, గ్లాసు తీసి పక్కకు పెట్టాడు.

"గా పిల్లర్ లేదు బావ," అన్నాడు. "నువ్వు పోయిన రెండేండ్లకు బొగ్గు కోసం కోసినం. ఎనకకు జరుగుకుంట అన్నీ కోసుకొచ్చినం. కప్పు కూలదించినం. ఏడోదాని కాడ నేనే ఉన్న."

"కోసిన బోలుల ఇసుక నింపిన్రా మరి?"

"నింపిన కాడ నింపిన్రు."

ఇల్లు ఎక్కడిదక్కడే ఉన్నది. ఒక్క గీత కూడా చెదరలేదు. మళ్లీ చాప మీద కూర్చున్న సంతోషి మాత్రం మెల్లగా లేచి నిలబడింది. ఇన్నేండ్లలో కుంగేది కుంగి నేల కుదురుకొని ఉంటుందని ఉపేందర్ అన్నాడు. రేపటి ముహూర్తం ఆపి, భూమి పరీక్ష చేసే ఇంజినీరును తీసుకొద్దామని మేస్త్రి అన్నాడు. పరీక్షలో వద్దంటే ఎటు పోతామని పోశవ్వ అడిగింది. మేస్త్రి తాడు చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

సదయ్య గడ్డపార ఎత్తి ఇందాక కొట్టిన చోటనే కొట్టాడు. ఖంగుమన్నది. మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే సప్పుడు. పైన నాలుగు అడుగుల గట్టి మన్ను ఉంటే చాలు, గడ్డపార అట్లనే పలుకుతుందని అతనికి అప్పుడు తోచింది. కింది సంగతి పైనుంచి ఏ గడ్డపారకూ తెలియదు.

గడ్డపార వదిలేసి సదయ్య వచ్చి ఆగయ్య ఎదుట నిలబడ్డాడు.

"మీద జాగా ఉన్నది, రేపు ఎవడో ఒకడు ఇల్లు కట్టుకుంటడు, పిల్లలతోని పండుకుంటడు. కోసేటప్పుడు గంతన్న సోయి లేకపాయెనా బావ మీకు?"

ఆగయ్య కోపానికి రాలేదు. లేచి చెప్పులు వేసుకున్నాడు.

"గోదారి అవతల ఇరవై రెండేండ్లు నువ్వు కోసిన పిల్లర్లు ఎన్ని? పైన ఎవల ఇల్లున్నదో ఒక్కనాడన్న అడిగినవా?"