పదిహేడో ఎక్కం

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నది ఐదుగురం. వంటింట్లో చేపముక్కలు వేయిస్తున్న సూర్యకళ పిన్ని. ముందు గదిలో మోహన్ చిన్నాన్న, ఆయనతో పాటు పోర్టులో పనిచేసే దొరబాబు. వాళ్ళ ఎదురుగా చేతులు కట్టుకుని పిన్ని కొడుకు బాబీ. తలుపు పక్కన నేను.

మాది ఎలమంచిలి దగ్గర పల్లెటూరు. పదో తరగతి అయ్యాక టైపు నేర్చుకోవడానికి మల్కాపురంలో పిన్ని వాళ్ళింటికి వచ్చాను. నలుగురి ముందు నాకు గొంతు పెగలదు. బాబీతో మాత్రం మాట్లాడతాను. వాడు ఐదో తరగతి, ఇంగ్లీషు మీడియం.

తుఫానుకి కోనసీమలో బడులు పోయిన పిల్లలకి పుస్తకాలు కొనిద్దామని బాబీ వాళ్ళ స్కూల్లో ఒక పని పెట్టారు. పిల్లలు ఇరవై దాకా ఎక్కాలు నేర్చుకోవాలి. తెలిసినవాళ్ళు ఎక్కానికి ఇంత ఇస్తామని ముందే కార్డు మీద రాయాలి. తర్వాత వాళ్ళ ఎదుటే ఒప్పజెప్పాలి. ఎక్కడ తప్పితే అక్కడితో సరి. అప్పటిదాకా వచ్చినవాటికే డబ్బులు.

ఇరుగుపొరుగు వాళ్ళు రూపాయి, రెండు రాశారు. చిన్నాన్న తాగి ఉన్న రోజున, దొరబాబు చూస్తుండగా, యాభై రాశాడు.

"ఎక్కానికి యాభయ్యేటి బావా? ఎర్రేటి నీకు?"

"ఈడికి మూడో ఎక్కం రాదు. వంద దాటితే నన్నడుగు. రాసుకోరా గుంటడా, కోనసీమకి నీ బాబే పెద్ద దాత!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. బాబీ నవ్వలేదు. ఆ సాయంత్రమే నా దగ్గరికొచ్చి, "అక్కా, నేర్పవా?" అన్నాడు.

ఇంగ్లీషులో ఎక్కాలు వాడి నోటికి పట్టేవి కావు. మా ఊరి బడిలో మాస్టారు మా చేత పాడించినట్టే, తొడ మీద చరుస్తూ, తెలుగులో పాడించాను. రోజూ మేడమెట్ల మీద కూర్చునేవాళ్ళం. ఎదురుగా రిఫైనరీ గొట్టం చివర మంట ఎగురుతూ ఉండేది. ఒక్కో వరుస చెప్పి వాడు నా మొహంలోకి చూసేవాడు. సరిగ్గా ఉంటే నేను తల ఊపేదాన్ని. అప్పుడే తర్వాతి వరుసకి వెళ్ళేవాడు.

"కానీరా," అన్నాడు చిన్నాన్న ఆ ఆదివారం, కాలు మీద కాలేసుకుని.

ఐదో ఎక్కం దాటేసరికి ఆయన నవ్వు తగ్గింది. పదో ఎక్కం దాటేసరికి దొరబాబు చప్పట్లు కొట్టాడు.

"ఐదొందలు ఎగిరిపోనాయి బావా! నీ గుంటడు నీ జీతం కోనసీమ పట్టుకుపోతన్నాడు!"

"నువ్వు నోర్ముయ్."

"రేపు పోర్టులో వించి కాడ అందరికీ సెప్పాల!"

పదమూడో ఎక్కంలో మొదటి దెబ్బ పడింది. పోర్టులో తాళ్ళు లాగి కాయలు కాసిన చిన్నాన్న చెయ్యి అది. బాబీ తూలాడు. నిలదొక్కుకుని, నా వైపు చూసి, "పదమూడు ఏడులు తొంభై ఒకటి," అన్నాడు.

"ఏట్రా, నలుగురిలో నన్ను ఎదవని సేద్దామనా? రానట్టు నాటకాలాడినావా ఇన్నాళ్ళూ?"

పద్నాలుగులో బెల్టు తీశాడు. పదిహేనులో బాబీ పెదవి పగిలింది. పదహారులో బెల్టు కొక్కెం తగిలి కనుబొమ్మ చీలింది. వాడు ఏడుస్తూనే చెబుతున్నాడు. ఒక్క వరుసా తప్పడం లేదు.

"వదిలీ బావా! సిన్న గుంటడు! నాను ఊరికే అన్నాను," అంటూ దొరబాబు ఆ చెయ్యి పట్టుకున్నాడు. చిన్నాన్న తోసిన తోపుకి టీవీ స్టాండు మీద పడ్డాడు. లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని, మా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

చేపముక్కలు మాడుతున్న వాసన వస్తోంది. పిన్ని అట్లకాడతోనే పరిగెత్తుకొచ్చి అడ్డం పడింది. చిన్నాన్న కడుపులో తన్నాడు. ఆమె నేల మీద పడి, అలాగే పాకి, బాబీ కాళ్ళు పట్టుకుంది.

"తప్పు సెప్పరా నాయనా! ఒక్కటి తప్పు సెప్పీ! అయిపోద్ది!"

బాబీ గడ్డం మీంచి రక్తం చొక్కా మీదకి కారుతోంది. "పదిహేడు ఏడులు..." అని ఆగాడు. ఎత్తిన బెల్టు అలాగే ఆగింది. చిన్నాన్న తప్పు కోసం ఎదురుచూస్తున్నాడు.

"నూట పందొమ్మిది."

బాబీ అలవాటుగా నా మొహంలోకి చూశాడు. సరిగ్గానే చెప్పాడు. నా తల దానంతటదే ఊగింది.

చిన్నాన్న నా వైపు తిరిగాడు.

"ఓహో. నువ్వా మాస్టారివి?"

జడ పట్టుకుని నా తల గోడకేసి కొట్టాడు. రెండోసారి ద్వారబంధానికేసి కొట్టాడు. చెవిలో హోరు మొదలైంది. అరవాలనుకున్నా గొంతు రాలేదు. మూడోసారి కొట్టబోతుంటే బాబీ వచ్చి ఆయన మణికట్టు కొరికాడు. పళ్ళు దిగేదాకా వదల్లేదు. చిన్నాన్న కేక పెట్టి, వాణ్ణి ఎత్తి విసిరేశాడు. మంచం కోడుకి తగిలి వాడి చెయ్యి ఫట్‌మంది. మోచేయి వెనక్కి తిరిగిపోయి ఉంది.

చిన్నాన్న రక్తం కారుతున్న మణికట్టు పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

నేను బాబీ దగ్గరికి వెళ్ళబోయాను. వాడి పెదవులు కదిలాయి.

"పదిహేడు ఎనిమిదులు నూట ముప్పై ఆరు."

కళ్ళతో నా కోసం వెతుకుతున్నాడు.

పిన్ని లేచింది. కడుపు పట్టుకుని మా ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడింది.

"రాకపోతే నవ్వీసి ఊరుకునీవోడు. నువ్వు నేర్పీసి నా కొడుకుని సంపించేస్తన్నావు. ఆడికేసి సూడకు! తల ఊపకు!"

రెండు చేతులతో నన్ను గడప అవతలికి నెట్టింది. ఆమె భుజం మీదుగా బాబీ కళ్ళు కనిపించాయి. నేను తల ఊపేలోపే పిన్ని తలుపు వేసేసింది.